పేర్లు వేరు, తెర ఒకటే

ఈ-పుస్తకాలు చదివే పరికరాల్లో కిండిల్ కొనాలా, కోబో కొనాలా అని బేరీజు వేసుకునేవారు గమనించాల్సిన సంగతొకటి ఉంది. రెండింటి తెరలూ ఒకే ఇంటివి. 1997లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకుల చేతుల్లో పుట్టి, 2009లో తైవాన్ చేతికి వెళ్లిన ఈ-ఇంక్ సంస్థ తయారీ అది. ఈ తెరలోని వెంట్రుక మందమంత బుడగల్లో నల్లని, తెల్లని రేణువులుంటాయి. కరెంటు తగలగానే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుక్కి దిగుతుంది. పేజీ కుదిరాక కరెంటుతో పనే లేదు. అందుకే ఒక్కసారి చార్జింగు పెడితే వారాల తరబడి వస్తుంది.

మరి పోటీ ఎక్కడ? పుస్తకాల కొట్టులో. 2004లో జపాన్‌లో అందరికంటే ముందు ఈ తెరతో వచ్చిన సోనీ, 2014కల్లా చేతులెత్తేసింది. 2007లో కిండిల్‌తో దిగిన అమెజాన్ పుస్తకాల బలంతో నెగ్గింది. ఆ బలమే ఇప్పుడు పాఠకుడికి సంకెల. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకునే వీలును 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ తీసేసింది. డబ్బిచ్చి కొన్నది పుస్తకం కాదట, లైసెన్సట! అన్నట్టు, 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషలకు కొట్టు తెరిస్తే వాటిలో తెలుగు లేదు.

కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఇతర కొట్ల పుస్తకాలు ఇందులో తెరుచుకుంటాయా? తెలుగు ఒత్తులు సరిగ్గా కనిపిస్తాయా?