శిక్షణ జాబితాలో మనవాళ్లెందరు?

సిరికొండలో ఐటీఐ చదివిన మన పిల్లలకు రక్షణ శాఖ అంటే పరుగు పందెం, తుపాకీ. యూనిఫాం లేని కొలువులూ అందులో ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అలాంటిదే. సైన్యానికి యుద్ధ శకటాలు చేసేది సివిలియన్ ఉద్యోగులే.

కొలువు దొరికాక ఎదిగేదెవరు? కార్మికుడికి నేర్పేది మెషీన్ పని. నాయకత్వ పాఠాలు గ్రూప్-ఎ అధికారులకు, నాగపూర్‌లోని జాతీయ రక్షణ ఉత్పత్తి అకాడమీలో (దీక్షాభూమి ఉన్న ఊరే). 1995 నాటి 77వ సవరణ ప్రమోషన్లలో రిజర్వేషన్‌ను నిలబెట్టింది. కానీ ఎంపిక ద్వారా ఇచ్చే ప్రమోషన్లలో అది గ్రూప్-ఎ తొలి మెట్టు దగ్గరే ఆగుతుంది. ఆపైన పైఅధికారి రాసే వార్షిక నివేదికదే రాజ్యం. అందుకే గ్రూప్-ఎలోని ఎస్సీ, ఎస్టీ అధికారులకు శిక్షణలు, సదస్సుల్లో ఎక్కువ అవకాశాలివ్వాలని కేంద్రం ఏనాడో ఉత్తర్వులిచ్చింది. వాటిని చదివిన లైజన్ ఆఫీసర్లెందరు?

2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు ఏడు కంపెనీలైంది. ఉద్యోగులు డీమ్డ్ డిప్యుటేషన్‌పై వాటిలోకి వెళ్లారు. కంపెనీ మారినా రిజర్వేషన్ బాధ్యత పోదు. ఏటా శిక్షణకు ఎవరిని పంపారు, అందులో ఎస్సీ, ఎస్టీలెందరు? ఉద్యోగ సంఘాలు అడగకపోతే మనం అడుగుదాం. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు.