వరద మట్టము – ప్రభుత్వ నిర్ణయము

వర్షకాలమున సారపాక నుండి వంతెన దాటి భద్రాచలము పోవు వారెవ్వరైనను, కూలికి పోవు కోయ స్త్రీ మొదలు కాగితపు మిల్లు ఉద్యోగి వరకును, ఎదురుపడిన వారిని మొదట అడుగునది "గోదావరి ఎన్ని అడుగులున్నది?" అనియే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అక్షరము రాని వృద్ధులకు సైతము ఈ అంకెలు కంఠస్థములు. ఆ మట్టమును చూచియే అధికారులు లోతట్టు పల్లెలను ఖాళీ చేయింతురు, రాకపోకలను నిలుపుదురు. 2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు చేరి 1986 నాటి 75.6 అడుగుల వరదను తలపునకు తెచ్చిన సమయమునను, అప్పటికే వంతెన మూయబడి, వేలాది జనము పునరావాస కేంద్రములకు చేరియుండిరి. యథార్థము నెరిగి పిదప నిర్ణయించుట యన నిట్టిది.

వరద పూర్తిగా తీయకముందే మాటల తీరు మారినది. మరునాడు వచ్చిన నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ముంపు ప్రజలకు ఎత్తైన చోట శాశ్వత నివాసములు కట్టింతుమని వేయి కోట్ల రూపాయలు ప్రకటించిరి. క్లౌడ్ బరస్టు వెనుక విదేశీయుల కుట్ర యున్నదేమో యన్న అనుమానమును వెలిబుచ్చిరి. మొదటి మాట ఇచటి వారికి అత్యావశ్యకము. రెండవ దానికి ఆధారము చూపబడలేదు. అనంతరము నాటి తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్ కుమార్ దిగువన గోదావరిపై కట్టుచున్న పోలవరము ప్రాజెక్టు వలన భద్రాచలమునకు ముప్పనగా, నాటి ఆంధ్రప్రదేశ్ మంత్రి బొత్స సత్యనారాయణ దానిని తోసిపుచ్చిరి. ఏ ప్రవాహమునకు ఏ ఊరు మునుగునో, తీరవాసి తెలిసికొనవలసిన ఆ ఒక్క సంగతి ఆ వాదమున తేలనే లేదు.

యథార్థము తేలకమున్నే నిర్ణయించు ఈ లోపము ఆనాడు పుట్టినది కాదు. 2014 మే నెలాఖరున, తెలంగాణ ఆవిర్భావమునకు కొలది దినముల ముందు, పోలవరము ముంపు నిమిత్తము కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు వెలువరింపగా, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, బూర్గంపాడు మండలమున ఆరు గ్రామములును, పట్టణము మినహా భద్రాచలము మండలమును ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. సారపాక తెలంగాణలో నిలిచినది. షెడ్యూల్డు ప్రాంతమున భూమి తీసికొనుటకు ముందు గ్రామసభను గాని తగు పంచాయతీని గాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము శాసించుచుండ, గ్రామములకు గ్రామములనే వేరు రాష్ట్రమున చేర్చునపుడు ఆర్డినెన్సు మార్గమున ఆ సభ మాటకు చోటెక్కడిది? నిర్ణయము ముందు నడచెను, విచారణ వెనుక బడెను.

పోలవరము స్పిల్‌వేకు గోదావరి జలవివాదములపై 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ నిర్దేశించినది 36 లక్షల క్యూసెక్కులు. తరువాత దానిని 50 లక్షలకు రూపొందించిరి. వరద పరిమాణమే ఇంత పెరిగినపుడు ఎగువ ముంపు లెక్కయు క్రొత్తగా కట్టవలసినదే. దీనిని తెలంగాణ అడిగినందుననే అనుమానించుటయు, ఆంధ్రప్రదేశ్ కాదన్నందుననే కొట్టివేయుటయు రెండును నదికి పట్టనివి. అంతకంటె చిక్కైన దొకటి కలదు: జలాశయపు పూర్తిమట్టము సముద్రమట్టము పైన 45.72 మీటర్లని నివేదికలు చెప్పును. భద్రాచలము కొలబద్ద అడుగులలో చెప్పును. ఈ రెంటిని పోల్చుకొనుట ఇంజనీరునకు సులభము, పల్లె రైతునకు దుర్లభము. తాను చదువలేని లెక్కను అతడెట్లు ప్రశ్నింపగలడు?

కావున రెండు రాష్ట్రములును, కేంద్ర జలసంఘమును కలిసి సర్వే చేసి, 36 లక్షలకు ఏ ఊరు, 50 లక్షలకు ఏ ఊరు, ఏ వీధి వరకు మునుగునో భద్రాచలము కొలబద్ద అడుగులలోనే పటము గీయించి, సారపాక, బూర్గంపాడు గ్రామసభలలో తెలుగునను కోయభాషనను వినిపింపవలెను. జలాశయము నిండుగా నింపుటకు ఆజ్ఞ వెలువడుటకు ముందే ఇది జరుగవలెను.