కథకులకు మెప్పొక్కటియే చాలునా?

"కథ వ్రాసితిమి, మీ యభిప్రాయము చెప్పుడు" అని గూడూరు ప్రాంతపు యువకులు మమ్మడుగుచుందురు. దోషమొక్కటి చూపినచో మొగము ముడుచుకొందురు. వారు కోరినది యభిప్రాయము గాదు, మెప్పు. ఈ తప్పు వారిది మాత్రమే కాదు. పెద్దలమగు మనలో ననేకులము పుస్తకము తెరవకయే సభలలో పొగడుచున్నాము. చెడుకథను మంచిదనుట దయ యని కొందరందురు. మేమట్లు తలంపము. చేనెండుచుండగా "పైరు బాగున్నది" అని రైతునకు చెప్పువాడు మిత్రుడగునా?

గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. జనులు మెచ్చిరి. అయినను వారంతటితో తృప్తినొందక, దానిని పెంచి, మార్చి, 1909లో మరల ప్రకటించిరి. నేడు మనలో పలువురెరిగినది యీ రెండవ రూపమునే. మెప్పు పొందిన గ్రంథమునే పన్నెండేండ్లకు తిరుగ వ్రాసినవారు గలిగిన భాషలో, తొలి ప్రతిలో నక్షరము ముట్టరాదనుట వినయమా, గర్వమా?

ఇక చదువు మాట. "ఇతరులను చదివినచో మా స్వంతము చెడును" అను వాదమును వినుచున్నాము. మన మానుకోట సీమనే చూడుడు. 1928లో చిన్నగూడూరున జన్మించిన దాశరథి రంగాచార్యులవారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు 'ప్రజల మనిషి'లో చేపట్టిన తెలంగాణ జనజీవన కథను 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలలలో సాగించిరి. ముందువాని బాట నెరిగినందున వారి స్వంతము చెడెనా? ఈ నేల పలుకుబడి వారి గ్రంథములలో వారిదిగనే పలికినది.

విమర్శ కఠినమైనచో లేత మనసు వాడిపోవు ననువారికి మా సమాధానమిది: వ్రాసినవానిని నిందింపకుడు, వ్రాతను దిద్దుడు. "బాగులేదు" అనుట విమర్శ కాదు. ఎచ్చట నమ్మకము కలుగలేదో, ఎచ్చట విసుగు పుట్టినదో వ్రేలితో చూపుటయే విమర్శ.

యువకులారా! ఒక కథ వ్రాయుటకు ముందు పది కథలు చదువుడు. వ్రాసినదానిని మొదట మీ యింటి యాడువారికి చదివి వినిపింపుడు. "మేమిట్లు మాటలాడుకొనము" అని యామె యన్నచో తగవులాడకుడు. ఆమె జీవితమును మీరు వ్రాయుచున్నారు. తప్పుగా వ్రాసినచో నష్టపడునది మీ కీర్తి కాదు, ఆమె. పత్రికాధిపతి మెప్పుకంటె ముందు పొందవలసినది యామె యొప్పుదలయే.