ఇరవై డాలర్ల నోటు, ఒక గుడ్డసంచీ

ఈ వారం మిమ్మల్ని ఒక కిరాణా కొట్టుకి తీసికెళతాను, రండి. కొట్టు ఇక్కడిది కాదు, అమెరికాది. పేరు ట్రేడర్ జోస్. "అక్కడి కొట్టు సంగతి మాకెందుకండీ?" అనకండి. అమ్మాయి పురుటికనో, మనవణ్ణి చూసుకోవడానికనో మనలో ఎంతమంది ఆర్నెల్లకోసం విమానం ఎక్కుతున్నారో మీకు తెలియనిది కాదు. ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలో, కందిపొడి ఎంత పట్టుకెళ్లాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. అక్కడ బజారు ఎలా చేయాలో చెప్పేవాళ్లే తక్కువ.

అసలు ఇబ్బంది అక్కడే వస్తుంది. నలభై ఏళ్లు ఇంటి బజారు ఒంటిచేత్తో నడిపిన మనిషి, అక్కడికెళ్లాక అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి కారు తీస్తే తప్ప డజను అరటిపళ్లు కూడా కొనుక్కోలేదు. అడగాలంటే మొహమాటం. అడక్కపోతే లోపల ఏదో వెలితి. నాకూ మొదటి నెల అలాగే గడిచింది. మా అమ్మాయి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఈ కొట్టు ఉండబట్టి సరిపోయింది. ఒకరోజు ఇరవై డాలర్ల నోటు, ఒక గుడ్డసంచీ పట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. తిరిగొచ్చేసరికి ప్రాణం లేచొచ్చిందంటే నమ్మండి.

ఈ కొట్టు పెట్టినాయన పేరు జో కూలోమ్. 1958లో చిన్న చిన్న దుకాణాలతో మొదలుపెట్టి, 1967లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఈ పేరుతో మొదటి కొట్టు తెరిచాడు. చదువు బాగా ఉండి, జీతం అంతంతమాత్రంగా ఉండేవాళ్లకి దేశదేశాల రుచులు చవకగా అందించాలన్నది ఆయన ఆలోచన. పంతుళ్లూ, సంగీతం వాయించేవాళ్లూ అన్నమాట! 1979లో దాన్ని జర్మనీకి చెందిన ఆల్‌బ్రెక్ట్ కుటుంబం కొనుక్కుంది. ఆయన 2020లో పోయారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఐదువందలకి పైగా కొట్లున్నాయి.

మరి ధర ఎలా తగ్గుతుంది? గుట్టేమీ లేదు. మామూలు సూపర్‌మార్కెట్‌లో ముప్ఫై వేల రకాల సరుకులుంటే ఇక్కడ నాలుగు వేలకి అటూ ఇటూ. పదిరకాల వేరుశెనగ వెన్నలు పెట్టరు, ఒకటో రెండో పెడతారు. తయారుచేసేవాళ్ల దగ్గరే నేరుగా పెద్దమొత్తంలో కొని, చాలావాటికి తమ పేరే వేసుకుంటారు. టీవీలో ప్రకటనలుండవు. కొట్టూ చిన్నదే. మన వీధి చివర శెట్టిగారి కొట్టు లెక్కే, కాకపోతే కొంచెం పెద్ద ఎత్తున.

నాకు అన్నిటికంటే నచ్చిందేమిటంటే, అందరికీ ఒకటే ధర. అక్కడ చాలా పెద్ద కొట్లలో ఒకే వస్తువుకి రెండు ధరలుంటాయి. సభ్యత్వం కార్డో, ఫోన్లో కూపనో ఉన్నవాళ్లకి ఒకటి, లేనివాళ్లకి ఒకటి. ఇక్కడ కార్డుల్లేవు, కూపన్లు లేవు. చేత్తో రాసిన బోర్డు మీద ఎంతుంటే అంతే. ఫోన్లో అవీ ఇవీ నొక్కడం రాని మనలాంటివాళ్లు చిన్నబుచ్చుకోవలసిన పన్లేదు.

అరటిపళ్ల కథ చెప్పాలి మీకు. అమెరికాలో వీటిని సాధారణంగా తూకానికి అమ్ముతారు. ఈ కొట్టులో మొదట్లో నాలుగైదు పళ్లు సంచిలో కట్టి అమ్మేవారట. ఒక పెద్దావిడ ఆ సంచీ చూసి, మళ్లీ అక్కడే పెట్టేసి వెళ్లిపోతుంటే, కంపెనీ పెద్ద చూసి ఎందుకు తీసుకోలేదని అడిగాడట. నాలుగో పండు తినేదాకా నేనుంటానో లేదో నాయనా, అందట ఆవిడ! ఆ మర్నాటి నుంచే ఒక్కో పండు 19 సెంట్ల చొప్పున విడిగా అమ్మడం మొదలుపెట్టారని వాళ్లే చెప్పుకుంటారు. ఇరవయ్యేళ్లకి పైగా అదే ధర ఉంచి, 2024లో 23 సెంట్లు చేశారు. ఒక్క పండు కావాలంటే ఒక్కటే కొనుక్కోవచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అది ఎంత మర్యాదో ఆలోచించండి.

ఇక మన వంటింటికి ఏవి పనికొస్తాయో చూద్దాం.

ఉప్పులేని వెన్న: ఒక పౌను, అంటే 454 గ్రాముల పెట్టెలో నాలుగు కడ్డీలుంటాయి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద కాచండి. నురుగు తగ్గి, అడుగున గోధుమరంగు గసి కనబడి, కమ్మని వాసన రాగానే దించెయ్యండి. కరివేపాకు ఒక రెబ్బ వేస్తే మరీ మంచిది. సుమారు 350 గ్రాముల నెయ్యి వస్తుంది. కొట్లో నెయ్యి సీసాతో ధర పోల్చుకుని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

గట్టి టోఫు: 'సూపర్ ఫర్మ్' అని రాసి ఉన్నది తీసుకోండి. ఇందులో నీళ్లు తక్కువ, కాబట్టి బరువు పెట్టి పిండక్కర్లేదు. చిన్న ముక్కలు కోసి, నూనెలో దోరగా వేయించి, ఉప్పు, మిరియాలపొడి, కాస్త జీలకర్ర పొడి చల్లితే చారన్నంలోకి నంజుకోవచ్చు. పిల్లలు పన్నీరనుకుని తినేస్తారు.

గడ్డకట్టించిన అల్లం, వెల్లుల్లి బిళ్లలు: చిన్న ట్రేల్లో వస్తాయి. పాలిచ్చే తల్లికి వంట త్వరగా అవ్వాల్సినప్పుడు ఒక బిళ్ల తీసి పోపులో వేసుకోవడమే.

జీడిపప్పు, బాదంపప్పు, పూలు: పప్పులు తాజాగా ఉంటాయి. పూలగుత్తులు కూడా మిగతాచోట్ల కంటే చవకే. శుక్రవారం దేవుడికి పెట్టడానికి నాకు అక్కడ దొరికిన సంతోషం అదే.

కొరియావాళ్ల కింబాప్: అన్నం, క్యారెట్టు, పాలకూర, టోఫు సముద్రపు నాచులో చుట్టిన చుట్టలు. మాంసం ఉండదు. 2023లో ఇవి కొట్టుకి రాగానే దేశమంతా ఎగబడి ఖాళీ చేసేశారు. నాచు వాసన పడితే సరే, లేకపోతే మా ఆయనలా ముక్కు మూసుకుంటారు.

కందిపప్పు, చింతపండు, ఇంగువ, సోనామసూరి మాత్రం ఇక్కడ వెతక్కండి. అవి మనవాళ్ల కొట్లలోనే. షికాగోలో డెవాన్ వీధిలో 1974లో ఒక్క కొట్టుతో మొదలైన పటేల్ బ్రదర్స్ లాంటివి ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. నెలకోసారి అక్కడ, వారానికోసారి ఇక్కడ. అదీ లెక్క.

శాకాహారులు ఒక్క మాట జాగ్రత్తగా వినాలి. మన దగ్గర ప్యాకెట్ మీద ఉండే పచ్చచుక్క అక్కడ ఉండదు. వెనక చిన్న అక్షరాల్లో రాసిందంతా చదవాలి. జెలటిన్ అంటే జంతువులది. చికెన్ బ్రాత్, ఫిష్ సాస్, యాంకోవీ, లార్డ్ అన్న మాటలు కనబడితే పక్కన పెట్టెయ్యండి. చీజ్ కొనేటప్పుడు రెన్నెట్ అన్నచోట ఆగండి. వెజిటబుల్ లేదా మైక్రోబియల్ అని ఉంటే పర్వాలేదు. అసలైన పార్మిజానో రెజ్జానో మాత్రం ఎప్పుడూ దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే చేస్తారు. ఇంట్లో ఎవరికైనా నువ్వులు పడవా? 2023 జనవరి నుంచి అక్కడ ప్యాకెట్ల మీద నువ్వుల పేరు కూడా తప్పనిసరిగా రాయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎవ్రీథింగ్ బట్ ద బేగెల్ అని ఒక పొడి సీసా అమ్ముతారు. నువ్వులు, ఉప్పు, ఎండిన ఉల్లి, వెల్లుల్లి, గసగసాలు కలిసి ఉంటాయి. పెసరట్టు మీద చల్లుకుంటే బాగుంటుంది కూడా. వచ్చేటప్పుడు అందరికీ తలో సీసా అని పెట్టెలో సర్దేరు! దుబాయ్, సింగపూర్ వంటిచోట్ల గసగసాలు నిషేధం. మనకి కుర్మాలో వేసే దినుసే, అక్కడ మాదకద్రవ్యం కింద లెక్క. ఆ దారిన వచ్చేవాళ్లు ఆ సీసాని అమ్మాయి వంటింట్లోనే వదిలిపెట్టి రండి.

చవక అన్నది కూడా ఒక వల, మర్చిపోకండి. 2024లో ఈ కొట్టులోనే 2.99 డాలర్లకి చిన్న గుడ్డసంచీలు పెడితే, జనం తెల్లారకుండా క్యూ కట్టారు. కొందరు వాటినే వందల డాలర్లు చెప్పి అమ్మకానికి పెట్టారు. సంచీకి అంత మోజా అని నవ్వుకున్నాను. కానీ మొదటిసారి నేనూ అరటిపళ్లకని వెళ్లి, అవసరం లేని బిస్కట్లు రెండు డబ్బాలు తెచ్చాను. గుమ్మడికాయ రుచులంటూ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊరిస్తారు, మళ్లీ దొరకదేమోనని తొందరపెడతారు. అందుకే చీటీ రాసుకుని వెళ్లండి. చీటీలో లేనిది ఒక్కటే, ఒకే ఒక్కటి కొనుక్కోండి. కొన్నది నచ్చకపోతే తిరిగి ఇస్తే డబ్బులిచ్చేస్తారు, బిల్లు దాచుకోండి. గంట మోగితే కంగారు పడకండి. ఒక్కసారి మోగితే ఇంకో కౌంటరు తెరుస్తున్నారని అర్థం. కాలిఫోర్నియా లాంటి చోట్ల సంచీకి వేరే డబ్బులు తీసుకుంటారు, సొంత సంచీ పట్టుకెళ్లండి.

అమ్మాయిలకీ ఒక మాట. అమ్మ వచ్చినప్పుడు అన్నీ మీరే తెచ్చిపెట్టి సుఖపెడుతున్నామనుకోకండి. చేతికి కొంచెం డబ్బిచ్చి, నడిచి వెళ్లే దారి చూపించి, మొదటి రెండుసార్లు తోడు వెళ్లండి. మూడోసారి పంపించండి. సాయంత్రం మీరొచ్చేసరికి ఆవిడ తెచ్చిన పాలకూరతో పప్పు ఉడుకుతుంటుంది. ఆ రోజు ఆవిడ మొహం చూడండి, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కాకుండా, ఇంటిమనిషిలా ఉంటుంది.

మీరు అక్కడ కనిపెట్టిన చవక సరుకులేమిటో, వాటితో ఏం వండారో నాకు రాయండి. మరో వారం అందరం పంచుకుందాం. ఉంటాను మరి.