చేతిపట్టీ తాడుతో కొండ ఎక్కరాదు

హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్ నుంచి భువనగిరి ఏకశిల వైపో, నల్లమల వైపో బయలుదేరేవారు మణికట్టుకు పారాకార్డ్ పట్టీ కట్టుకోవడంలో తప్పేమీ లేదు గాని, దాన్ని కొనడం కంటే స్వయంగా అల్లుకోవడమే వివేకం. ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో పారాచూట్లకు వాడిన ఈ నైలాన్ తాడు, పైతొడుగుతో పాటు లోపలి ఏడు నుంచి తొమ్మిది సన్నని పేటలూ ఉన్నప్పుడే పూర్తి బలంతో నిలుస్తుంది, ఆ పేటలు నిజంగా ఉన్నాయో లేదో కొస కోసి చూస్తే గాని తెలియదు, సిద్ధంగా అమ్మే పట్టీని అలా కోసి చూసే కొనుగోలుదారు ఉండడు. మణికట్టు కొలతలో ప్రతి అంగుళానికి సుమారు అడుగు తాడు తీసుకొని, మధ్యలో రెండు వరుసలను నిలువుగా ఉంచి, మిగిలిన రెండు కొసలను వాటి మీదుగా కుడి ఎడమలు మార్చుతూ బిగించే ఈ విధానాన్ని కోబ్రా అల్లిక అంటారు; చివర్లను మంటతో కరిగించి అతికిస్తే అది ఊడదు. అయితే ఈ తాడుకున్న ‘550 రకం’ అనే పేరులోని అంకె పౌండ్లలో, అంటే దాదాపు 250 కిలోల నిశ్చల బరువు వద్ద, తాడు తెగే హద్దును చెబుతుందే తప్ప, జారిపడిన మనిషి కుదుపును ఆపగలదని హామీ ఇవ్వదు. తరతరాలుగా మోకు నమ్ముకొని తాడిచెట్టు ఎక్కే గీత కార్మికులకే తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట వేరుగా భద్రతా పరికరాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, అలంకారం పాలు ఎక్కువైన ఈ పట్టీని ప్రాణరక్షకమని అమ్మడం అతిశయోక్తే. విప్పితే వచ్చే ఏడెనిమిది అడుగులు టార్పాలిన్ కట్టడానికి, తెగిన బూటు లేసు స్థానంలో వాడడానికి బాగా పనికొస్తాయి.