పాత యింజనుకు క్రొత్త మెదడు

బ్రిటిషు రైల్వేలలో ప్రధాన మార్గములపై ఆవిరి యింజనుల నిత్యసేవ 1968 ఆగస్టుతో ముగిసినది. అయినను వాని చిన్న ప్రతిరూపములు ఆ దేశపు టిండ్లలో బల్లలపై నేటికిని పరుగులిడుచున్నవి. తాత కొనిన నమూనా యింజనును మనుమడు నడపుట అచ్చట వింత కాదు. ఇట్టి పాత యింజనులో డీకోడరను చిన్న ఎలక్ట్రానిక్ పరికరమును అమర్చవచ్చునా, అట్లు చేయుట దాని పాతదనమును చెరచుట కాదా యన్నది ఆ వ్యాసంగము గలవారి నడుమ ఎడతెగని వివాదము.

తీర్పు చెప్పుటకు ముందు డీకోడరు చేయు పని యేమో తెలియవలెను. పూర్వపద్ధతిలో రెండు పట్టాలకును 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు నిత్తురు. వోల్టేజి పెంచిన వేగము పెరుగును. ధ్రువములు మార్చిన దిక్కు మారును. అనగా మనుష్యుడు నడపునది పట్టాలను గాని యింజనును గాదు. ఒకే పట్టాలపై రెండు యింజనులున్నచో రెండును ఒక్కమారే కదలును. క్రొత్త పద్ధతిలో పట్టాలయందు విద్యుత్తు ఎల్లప్పుడును నిండుగా నుండి, దాని ధ్రువములు సెకనుకు వేల పర్యాయములు తారుమారగుచుండును. ఆ మార్పుల వ్యవధి పొట్టిదైన ‘ఒకటి’ అనియు, దీర్ఘమైన ‘సున్న’ అనియు అర్థము. ఈ రెండక్షరముల భాషలోనే ఆజ్ఞలు సాగును. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలుచునపుడు పేరు అందరికిని వినబడును; ఆ పేరుగలవాడే పలుకును. అట్లే ప్రతి యింజనును అన్ని ఆజ్ఞలను వినును. తన సంఖ్యకు చెందినదానినే పాటించును.

ఇంతటి సౌకర్యమును కాదనువారి వాదమును త్రోసివేయరాదు. డీకోడరునకు చోటు చాలలేదని కొందరు బాయిలరులోని బరువును కోసివేయుదురు. చక్రములను పట్టాలకు అదిమి పట్టునది ఆ బరువే. అది తగ్గిన యింజను చక్రములు తిరుగును గాని బండి లాగవు. వెనుకనున్న బొగ్గు టెండరులో చోటుండగా ఇంజను పొట్ట కోయుట అవివేకము.

అయినను తప్పు పరికరమునది కాదు, తొందరపడిన చేతిది. 1950లనాటి ట్రయాంగ్ యింజనులలోని ఎక్స్ 04 మోటారును నిదర్శనముగా గైకొనవచ్చును. అందలి ఒక బ్రష్షు లోహపు చట్రమునకును, చట్రము ద్వారా ఒక పట్టాకును తగిలియుండును. ఆ సంబంధమును తెంపక డీకోడరును కలిపినచో పట్టాలోని విద్యుత్తు నేరుగా దానిలో చొరబడి క్షణములో కాల్చివేయును. తయారు చేసినవారు బ్రష్షులను నొక్కు స్ప్రింగునకు ఒక కొసకు మాత్రమే విద్యున్నిరోధకమగు తొడుగు వేసిరి. రెండవ కొసకును అట్టి తొడుగే వేసి, ఆ బ్రష్షునకు వేరు తీగ కలిపిన మోటారు చట్రమునుండి విడివడును. పాత మోటారులు విద్యుత్తును అధికముగా లాగును. కావున మోటారును కదలకుండ పట్టి, అపుడది లాగు విద్యుత్తును కొలిచి, అంతకు మించిన శక్తిగల డీకోడరునే ఎన్నుకొనవలెను.

ధ్వని విషయమును ఇట్టిదే. రెండు సిలిండర్ల యింజను చోదకచక్రము ఒక చుట్టు తిరుగులోపల సాధారణముగా నాలుగు మారులు ఉఫ్ఫనును; 1923లో నిర్మితమైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ వంటి మూడు సిలిండర్లది ఆరు మారులు. ఈ లెక్క తెలియనివాడు ఎంత వెలగల ధ్వనిపరికరము నమర్చినను, ఎరిగినవాని చెవికి అది అబద్ధమే.

కావున డీకోడరును అమర్చుట అపచారము కాదు. తెలియక అమర్చుటయే అపచారము. పాతదానిని విప్పి, దాని మర్మము గ్రహించి, ఏ భాగమును కోయక, మరల పూర్వస్థితికి తేగలుగునట్లు క్రొత్తదానిని చేర్చువాడు దానికి రెండవ ఆయువు పోయుచున్నాడు. నేడు వేసిన తొడుగును, తీగను రేపు తొలగించినచో ఆ యింజను తాతనాటివలెనే నడవవలెను. ఆ హామీ యీయగల చేతికే పాత యింజనును అప్పగింపదగును.