నొప్పి లేని నెత్తురు

కళ్ల ముందు నల్లటి నలుసులు, సాలెగూటి పోగులు తేలుతుంటే పాతికేళ్ల కుర్రవాడు ఏమనుకుంటాడు? నిద్ర చాలలేదనో, ఫోను ఎక్కువ చూశాననో సరిపెట్టుకుంటాడు. అది ఈల్స్ వ్యాధి కావచ్చు. 1880లో ఇంగ్లండు వైద్యుడు హెన్రీ ఈల్స్ వర్ణించిన ఈ జబ్బు ఇప్పుడు మన దేశంలోనే ఎక్కువ, అదీ యువకుల్లో. రెటీనాలోని సిరలు వాచి మూసుకుపోతాయి. రక్తం అందని చోట పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లి కంటి లోపలే నెత్తురు చిమ్ముతుంది. నొప్పి ఉండదు, నన్ను భయపెట్టేది అదే. క్షయతో దీనికి సంబంధముందని వైద్యుల అనుమానం. స్టెరాయిడ్లు, లేజర్, అవసరమైతే ఆపరేషన్ చాలామంది చూపు నిలబెడుతున్నాయి. ఈ సంచిక ముఖచిత్ర కథనం దీని గురించే. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి నలుసులు కనిపిస్తే, కంట్లో చుక్కల మందు వేసి రెటీనా పరీక్షించే వైద్యుడి దగ్గరికి మర్నాటికల్లా తీసుకెళ్లండి.